వృషణ సిరల వాపు: శస్త్రచికిత్స నడచివచ్చిన దారి

మన భాషలో "గొడ్రాలు" అనే మాట ఉన్నది. దానికి సరితూగే పుంలింగపదం నిఘంటువులో వెదకితే దొరకవచ్చును గాని ఊరి వాడుకలో వినబడదు. పెండ్లయి నాలుగైదేండ్లు గడచినా సంతానం కలగకపోతే, కామారెడ్డి పరిసరాలలోనైనా ఎల్లారెడ్డి పరిసరాలలోనైనా, మొదట ఆసుపత్రి మెట్లు ఎక్కేది ఇల్లాలు. మ్రొక్కులు మ్రొక్కేది ఆమె. నలుగురిలో మాట పడేది ఆమె. భర్తను కూడా పరీక్షించవలెనన్న ఆలోచన చాల ఇండ్లలో ఆలస్యంగా వస్తుంది, కొన్ని ఇండ్లలో అసలే రాదు.

వైద్యశాస్త్రం చెప్పేది వేరు. సంతానం లేని దంపతులలో సుమారు సగం మంది విషయంలో లోపం పురుషునిలో మాత్రమే గాని, ఇద్దరిలోను గాని ఉంటుంది. పురుషునిలో ఉండే ఆ లోపాలలో శస్త్రచికిత్సతో సరిదిద్ద వీలైనవి కొన్ని కలవు. వాటిలో ఎక్కువగా కనిపించేది వృషణ సిరల వాపు. వైద్యులు దీనిని వెరికోసిల్ అంటారు. ఉబ్బిన సిర అనే అర్థంగల లాటిన్ మాటకు, వాపు అనే అర్థంగల గ్రీకు మాట చేర్చి ఈ పేరు కట్టినారు.

ఈ చికిత్సకు సుమారు రెండువేల ఏండ్ల చరిత్ర ఉన్నది. అందులో రోమునగరం ఉన్నది, ఎడిన్‌బరో ఉన్నది, దక్షిణ అమెరికా ఉన్నది. ఒక ముఖ్యమైన ఘట్టంలో మన హైదరాబాదు కూడా ఉన్నది. ఆ కథను వరుసగా చూతము.

పేరులో ఉన్న చిక్కు

మన పల్లెలలో వృషణాల వద్ద ఏ వాపు వచ్చినా "బుడ్డ" అంటారు. మరికొన్ని చోట్ల "వరిబీజం" అంటారు. నిజానికి ఈ ఒక్క మాట క్రింద కనీసం మూడు వేర్వేరు వ్యాధులు దాగి ఉన్నవి.

మొదటిది నీటి వాపు. వృషణం చుట్టూ ఉన్న పొరలో నీరు చేరుతుంది. బోదకాలు వ్యాధి ఉన్న ప్రాంతాలలో ఇది ఎక్కువ. వరిబీజం అనే పేరు దీనికే చెల్లుతుంది. రెండవది గిలక. ప్రేగులో కొంతభాగం గజ్జలోనుండి క్రిందికి జారుతుంది. మూడవది మనం చెప్పుకొంటున్న సిరల వాపు. దీనిలో నీరు లేదు, ప్రేగు లేదు. వృషణంనుండి రక్తాన్ని పైకి తీసుకొనిపోయే సిరలే ఉబ్బి మెలికలు తిరుగుతవి.

గుర్తించే పద్ధతి సులభమే. నీటి వాపుపై చీకటిలో దీపం పెట్టి చూస్తే వెలుగు అవతలికి కనిపిస్తుంది. గిలక దగ్గినప్పుడు ఉబికి వస్తుంది. చాలవరకు చేతితో లోపలికి పోతుంది. సిరల వాపు నిలబడినప్పుడు చేతికి వానపాముల ముద్దవలె తగులుతుంది, పడుకొన్నప్పుడు తగ్గిపోతుంది. పడుకొన్నా తగ్గని వాపును, కుడివైపున మాత్రమే కనిపించిన వాపును, నడివయసులో హఠాత్తుగా పుట్టిన వాపును అశ్రద్ధ చేయరాదు. కడుపులో మూత్రపిండం వద్ద ఏదైనా గడ్డ సిరను అడ్డగిస్తున్నదేమో వైద్యుడు చూడవలసి ఉంటుంది.

ఈ వాపు అరుదైనది కాదు. వయసు వచ్చిన పురుషులలో నూటికి సుమారు 15 మందికి ఉంటుంది. పదేండ్లలోపు బాలురలో చాల తక్కువ. యౌవనం వచ్చే కాలంలో మొదలవుతుంది. చాలమందికి దానివలన ఏ బాధా ఉండదు, సంతానానికీ అడ్డు ఉండదు. కొందరికి మాత్రం బరువుగా, లాగినట్లుగా నొప్పి ఉంటుంది. కొందరిలో శుక్రకణాల సంఖ్య, చురుకుదనం తగ్గుతవి.

ఎడమవైపే ఎందుకు?

ఈ వ్యాధి పదిమందిలో తొమ్మిదిమందికి ఎడమవైపున వస్తుంది. దీనికి కారణం శరీర నిర్మాణంలో ఉన్నది.

వృషణంనుండి బయలుదేరే సన్నని సిరలు తీగల అల్లికవలె ఒకదానితో ఒకటి పెనవేసుకొని, గజ్జ దాటిన తరువాత క్రమంగా ఒకే సిరగా మారుతవి. కుడివైపు సిర శరీరంలోని పెద్ద సిర అయిన అధోమహాసిరలో ఏటవాలుగా కలుస్తుంది. ఎడమ సిర ఇంకా పైకి పోయి మూత్రపిండ సిరలో లంబకోణంలో కలుస్తుంది. నిజాంసాగర్ ఆయకట్టులో పుట్టి పెరిగిన పిల్లలకు ఈ భేదం చెప్పనక్కరలేదు. పెద్ద కాలువలో ఏటవాలుగా కలిసే పిల్లకాలువ నీరు ప్రవాహంతోపాటు సాగిపోతుంది. నిలువుగా వచ్చి తగిలే కాలువ నీరు ఎదురునీటి ఒత్తిడికి వెనుకాడుతుంది.

ఇంకొక కారణం కూడా ఉన్నది. ఎడమ సిర పొడవైనది. అందులో నిలిచే రక్తపు స్తంభం ఎత్తైనది. రక్తం వెనుకకు జారకుండా సిరల లోపల చిన్న చిన్న కవాటాలు ఉంటవి. బావిలోని మోటారు గొట్టానికి అడుగున ఫుట్‌వాల్వు ఉంటుందని రైతుబిడ్డలకు తెలుసును. అది చెడితే, మోటారు ఆపగానే గొట్టంలోని నీరంతా బావిలోకి దిగిపోతుంది. సిరలోని కవాటాలు చెడినప్పుడు జరిగేదీ అదే. రక్తం క్రిందికి దిగి సిరలను ఉబ్బిస్తుంది.

సిరలు ఉబ్బితే శుక్రకణాలకు ఏమి నష్టం? వృషణాలు శరీరం వెలుపల ఒక తిత్తిలో వ్రేలాడడం యాదృచ్ఛికం కాదు. శుక్రకణాలు సరిగా తయారు కావలెనంటే శరీరపు ఉష్ణోగ్రతకంటె రెండుమూడు డిగ్రీల సెల్సియస్ తక్కువ ఉండవలెను. లోపలినుండి వేడిరక్తం తెచ్చే ధమని చుట్టూ, క్రిందినుండి చల్లని రక్తం తెచ్చే సిరలు అల్లుకొని ఉంటవి. వేడిపాల గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లార్చినట్లు, ఈ సిరలు ధమనిలోని రక్తాన్ని చల్లబరచి వృషణానికి పంపుతవి. కడుపులోని వేడిరక్తమే సిరలలోకి తిరిగి దిగినప్పుడు ఈ ఏర్పాటు చెడుతుంది. వేడితోపాటు, కణాలకు హానిచేసే ఆక్సీకరణ పదార్థాలు పెరగడం కూడా కారణమని నేటి పరిశోధకులు భావిస్తున్నారు. వాపు ఒకవైపే ఉన్నా దాని ప్రభావం కొంతవరకు రెండు వృషణాలపై కనిపిస్తుంది.

ప్రాచీనులు ఎరిగినది

క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో రోము దేశస్థుడైన సెల్సస్ లాటిన్ భాషలో ఎనిమిది భాగాల వైద్యగ్రంథం వ్రాసినాడు. దాని ఏడవ భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. సిరలు ఉబ్బిన వైపు వృషణం క్రిందికి జారుతుందనీ, సరిగా పోషణ అందక రెండవదానికంటె చిన్నది అవుతుందనీ అతడు గమనించినాడు. సూక్ష్మదర్శిని లేని కాలంలో, శుక్రకణమన్నది ఒకటున్నదని ఎవరికీ తెలియని కాలంలో, కంటితోనూ చేతితోనూ పట్టిన సత్యమిది.

అతడు చెప్పిన చికిత్స మూడు రకాలు. పైచర్మంలోని సిరలు ఉబ్బితే సన్నని మొనగల ఇనుమును కాల్చి వాతపెట్టడం. లోపలి పొరలోని సిరలైతే గజ్జవద్ద కోసి, సిరలను విడదీసి, పైన క్రింద దారంతో కట్టి నడుమ తెగగొట్టడం. ఇంకా లోతుగా వృషణానికి అంటి ఉన్నవైతే వృషణాన్నే తీసివేయడం. రెండవ పద్ధతిని పాఠకులు గుర్తుంచుకోవలెను. పందొమ్మిది శతాబ్దాల తరువాత వైద్యులు మళ్ళీ ఆ గజ్జవద్దికే వచ్చినారు.

మన దేశంలో సుశ్రుతుడు వృషణాల వాపులను "వృద్ధి" అనే పేరుతో ఏడు రకాలుగా విభజించినాడు. వాత, పిత్త, కఫ, రక్త, మేదో, మూత్ర, అంత్ర వృద్ధులు అని వాటి పేర్లు. మూత్రవృద్ధి అన్నది మన నీటి వాపునకు, అంత్రవృద్ధి గిలకకు చాల దగ్గరగా ఉన్నవి. నీటి వాపునకు వ్రీహిముఖమనే పరికరంతో పొడిచి, గొట్టం పెట్టి నీరు తీయవలెనని అతడు చెప్పినాడు. వ్రీహి అనగా వరిగింజ. ఆ పరికరపు మొన వరిగింజవలె ఉండేది. రక్తవృద్ధిలో జలగలచే రక్తం తీయించడం చెప్పబడినది గాని, దానిని నేటి సిరల వాపుతో ఒకటిగా లెక్కించడం సాహసమే అవుతుంది. అయినను, అన్ని వాపులనూ ఒకే "బుడ్డ"గా చూడక ఏడుగా విడదీసిన ఆ దృష్టి శాస్త్రీయమైనది. నేటికీ మన ఊళ్ళలో ఆ విడదీయడం పూర్తి కాలేదన్నది గమనించదగినది.

నొప్పి అనే గోడ

సెల్సస్ తరువాత శతాబ్దాల తరబడి ఈ చికిత్స పెద్దగా ముందుకు సాగలేదు. పదహారవ శతాబ్దిలో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే ఈ వాపును గురించి వ్రాసినాడు; చెడిన నల్లరక్తం నిండిన నాళాల మూటగా దానిని భావించినాడు. 1838లో లండన్ వైద్యుడు ఆస్ట్‌లీ కూపర్ వదులైన తిత్తిచర్మంలో కొంతభాగం కోసివేసి కుట్టే పద్ధతిని ప్రకటించినాడు. తిత్తి బిగువైతే సిరలకు ఆధారం దొరుకుతుందని అతని ఆశ. అది లక్షణానికి చికిత్స, కారణానికి కాదు.

ముందుకు సాగకపోవడానికి రెండు అడ్డంకులు ఉన్నవి: నొప్పి, చీము. మత్తుమందు లేని రోజులలో రోగిని నలుగురు పట్టుకొనగా శస్త్రవైద్యుడు నిమిషాలలో పని ముగించవలసి వచ్చేది. సన్నని సిరలను ఒక్కొక్కటిగా ఏరి కట్టే తీరిక ఎక్కడిది? ఒకవేళ కట్టినా, చేతులు కడుక్కొనే అలవాటు లేని ఆ కాలంలో గాయం చీముపట్టి ప్రాణమే పోవచ్చును. ప్రాణాపాయం లేని వ్యాధికి ప్రాణాపాయమైన చికిత్సను ఎవరు కోరుకొంటారు?

మొదటి గోడ 1846లో కూలినది. ఆ ఏడు అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ ఈథరు ఇచ్చి శస్త్రచికిత్సకు తోడ్పడినాడు. 1847లో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారం ప్రవేశపెట్టినాడు. రెండవ గోడను 1867లో లిస్టర్ కూల్చినాడు. కార్బాలిక్ ఆమ్లంతో గాయంలోని సూక్ష్మజీవులను నశింపజేసే పద్ధతిని ప్రకటించినాడు.

అయితే క్లోరోఫారంతో కొత్త భయం పుట్టినది. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏండ్ల బాలిక, కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి, క్షణాలలో మరణించినది. తరువాత ఇటువంటి మరణాలు మరికొన్ని జరిగినవి. చిన్న వ్యాధికి మత్తు ఇచ్చి కోయవచ్చునా అన్న ప్రశ్న వైద్యలోకాన్ని వేధించినది. ఆ ప్రశ్నకు జవాబు వెదకిన చోటు హైదరాబాదు.

హైదరాబాదు పరీక్షలు

హైదరాబాదు వైద్య పాఠశాల 1846లో స్థాపించబడినది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1866లో వెలసినది. ఆ పాఠశాలకు, ఆసుపత్రికి అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరోలో సైమ్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుని శిష్యుడు. మత్తు ఇచ్చేటప్పుడు నాడిని గాక శ్వాసను గమనించవలెనన్నది సైమ్ బోధ. లండన్ వైద్యులలో అనేకులు క్లోరోఫారం నేరుగా గుండెనే ఆపుతుందని నమ్మేవారు.

ఈ వివాదం తేల్చడానికి లారీ 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం సంఘాన్ని ఏర్పాటు చేయించినాడు. జంతువులపై జరిపిన పరీక్షలలో ముందు శ్వాస ఆగినది, గుండె తరువాత ఆగినది. లండన్‌నుండి వెలువడే "లాన్సెట్" వైద్యపత్రిక ఈ ఫలితాన్ని ఒప్పుకొనలేదు. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1000 పౌండ్లు ఇచ్చి, పత్రికవారే తమ ప్రతినిధిని పంపి పరీక్షించుకొనవలసినదిగా కోరినారు. ప్రసిద్ధ ఔషధశాస్త్రజ్ఞుడు లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చినాడు. రెండవ సంఘం వందలాది జంతువులపై పరీక్షలు జరిపినది. గుండె ముందు ఆగుతుందని అంతవరకు నమ్మిన బ్రంటన్ కూడా లారీ పక్షానికి వచ్చినాడు.

ఈ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తుమందు ఇచ్చే విద్యలో నిపుణురాలైనది. ప్రపంచంలో మత్తుమందు వైద్యమే వృత్తిగా స్వీకరించిన మొదటి మహిళలలో ఆమెను లెక్కిస్తారు. 1909 ప్రాంతంలో ఆమె పైచదువుకు ఎడిన్‌బరో వెళ్ళినది.

ఇంత శ్రమపడి చేసిన నిర్ణయం సరియైనదేనా? సగం మాత్రమే. శ్వాసను గమనించవలెనన్నది నేటికీ సత్యమే. కాని 1911లో లెవీ అనే వైద్యుడు, తక్కువ మోతాదు క్లోరోఫారం ఇచ్చిన పిల్లుల రక్తంలో అడ్రినలిన్ చేరితే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని ఋజువు చేసినాడు. ఆపరేషనుకు వచ్చి భయపడిన మనిషి శరీరంలో ఆ అడ్రినలిన్ పుట్టనే పుడుతుంది. హైదరాబాదులో పరీక్షలు వందలలో జరిగినవి. కాని మోతాదు క్రమంగా పెంచి, గాఢమైన మత్తులో ఏమి జరుగునన్నదే ముఖ్యంగా చూచినారు. మరణాలు జరుగుతున్నదేమో తేలిక మత్తులో, భయపడిన రోగులలో. పరీక్షల సంఖ్య పెద్దదైనంతమాత్రాన ప్రశ్న సరియైనది కాదన్న ఈ పాఠం మన కథ చివర మళ్ళీ అవసరమవుతుంది.

ఆనాటి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రజలకు ఈ విద్య ఎంత దూరమో ఊహించవచ్చును. 1889 నాటికి కామారెడ్డికి రైలు లేదు. హైదరాబాదు సుమారు 110 కిలోమీటర్లు. ఎడ్లబండిమీద నాలుగైదు రోజుల ప్రయాణం. గోదావరి లోయ రైలుమార్గం 1900 ప్రాంతంలో వచ్చిన తరువాత కామారెడ్డి నగరానికి దగ్గరైనది. ఎల్లారెడ్డికి అప్పుడూ బండిబాటే గతి.

గజ్జవద్దికి తిరిగి రాక

మత్తు, శుభ్రత చేకూరిన తరువాత వైద్యుల చేతులకు తీరిక దొరికినది. 1885లో లండన్ వైద్యుడు బార్వెల్, చర్మం క్రిందనుండి లోహపు తీగను సిరల చుట్టూ బిగించి 100 మందికి చికిత్స చేసినట్లు "లాన్సెట్"లో ప్రకటించినాడు. హైదరాబాదుకు ప్రతినిధిని పంపిన 1889లోనే అదే పత్రికలో బెన్నెట్ అనే వైద్యుడు ఈ వ్యాధిని గురించి వ్రాస్తూ, శస్త్రచికిత్స తరువాత ఒక రోగి వీర్యం మెరుగుపడినదని తెలిపినాడు. అంతవరకు ఈ చికిత్స నొప్పికోసం, వాపుకోసం మాత్రమే. సంతానంతో దీనికి సంబంధం ఉండవచ్చునన్న సూచన ఇక్కడ గట్టిగా వినబడినది.

ఇరవయ్యవ శతాబ్దిలో కేంద్రం దక్షిణ అమెరికాకు మారినది. అర్జెంటీనా శస్త్రవైద్యుడు ఇవానిసెవిచ్ 1918లో తన సహచరుడు గ్రెగొరీనితో కలసి, తిత్తివద్ద సిరలను వెదకడం మాని, పైన గజ్జవద్దనే సిరను కట్టే పద్ధతిని ప్రకటించినాడు. వ్యాధికి మూలం పైనుండి వెనుకకు దిగే రక్తమేనని అతడు గ్రహించినాడు. కాలువలో ఎదురునీరు వస్తుంటే చివరి మడివద్ద గట్లు వేయడం వ్యర్థం; పై తూమువద్దనే అడ్డుకట్ట వేయవలెను. 1960లో అతడు 42 ఏండ్లలో 4,470 శస్త్రచికిత్సల అనుభవాన్ని వెల్లడించినాడు.

1949లో పలోమో అనే వైద్యుడు ఇంకా పైకి పోయి, సిరతోపాటు ధమనిని కూడా కట్టవచ్చునన్నాడు. వృషణానికి రక్తం తెచ్చే నాళాలు ఇంకను ఉండుటచేత అది చావదని అతని వాదన. వ్యాధి తిరిగి రావడం తగ్గినది. కాని సిరల ప్రక్కనే నడిచే శోషరస నాళాలు కూడా ఆ ముడిలో చిక్కడంచేత కొందరికి వృషణం చుట్టూ నీరు చేరినది. అనగా సిరల వాపునకు చికిత్స చేస్తే వరిబీజం వచ్చినదన్నమాట!

1952లో ఎడిన్‌బరో వైద్యుడు సెల్బీ టుల్లోక్ ప్రకటించిన ఒక కేసు ప్రపంచాన్ని ఆకర్షించినది. వీర్యంలో శుక్రకణాలు బొత్తిగా లేని ఒక పురుషునికి ఇరువైపుల సిరలవాపునకు శస్త్రచికిత్స చేయగా, కణాల సంఖ్య 2 కోట్ల 70 లక్షలకు పెరిగినది. అతని భార్య గర్భవతి అయినది. అంతకుముందే 1929లో అమెరికాలో మాకోంబర్, శాండర్స్ అనేవారు ఇటువంటి అనుభవం చెప్పినారు గాని, టుల్లోక్ కేసుతోనే ఈ చికిత్స సంతానహీనతకు మందుగా దేశదేశాలకు వ్యాపించినది.

సూక్ష్మదర్శిని క్రింద

తరువాతి ఏండ్లలో మూడు కొత్త దారులు తెరుచుకొన్నవి.

మొదటిది కోత లేని దారి. 1978నుండి కొందరు వైద్యులు సన్నని గొట్టాన్ని పెద్దసిరగుండా పంపి, ఎక్స్‌కిరణాల సహాయంతో చెడిన సిరను చేరి, లోపలనే మందుతో గాని చిన్న లోహపు చుట్టతో గాని దానిని మూసివేయసాగినారు. రెండవది ఉదరదర్శిని. 1980ల చివరినుండి, కడుపుకు చిన్న రంధ్రాలు చేసి కెమెరాతో చూస్తూ పైభాగంలో సిరను బిగిస్తున్నారు.

మూడవది సూక్ష్మదర్శిని. 1985లో అమెరికా వైద్యుడు మార్మర్ గజ్జకు కొంచెం దిగువన చిన్న కోత పెట్టి, సూక్ష్మదర్శిని క్రింద సిరలను ఏరి కట్టే పద్ధతి చెప్పినాడు. 1992లో గోల్డ్‌స్టీన్ తన పద్ధతిలో దానిని ఇంకా మెరుగుపరచినాడు. వెంట్రుకవంటి నాళాలను పది పదిహేను రెట్లు పెంచి చూపే ఆ పరికరం క్రింద ధమని కొట్టుకోవడం కనిపిస్తుంది, శోషరస నాళాలు కనిపిస్తవి. వాటిని తప్పించి సిరలను మాత్రమే కట్టవచ్చును. అందుచేత వ్యాధి తిరిగి రావడం నూటికి ఒకరిద్దరిలో మాత్రమే కనిపిస్తుంది. నీరు చేరడం చాల అరుదు. పాతపద్ధతి కోతలో వ్యాధి తిరిగి రావడం ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే సూక్ష్మదర్శిని పద్ధతికి శిక్షణ కావలెను, పరికరం కావలెను, ఓపిక కావలెను. అన్ని ఆసుపత్రులలో ఇవి మూడూ ఒకచోట దొరకవు.

ప్రయోజనం ఎంత?

ఇక అసలు ప్రశ్న. ఒక దంపతులకు శస్త్రచికిత్స తరువాత బిడ్డ పుట్టినదనుకొందాము. ఆ బిడ్డ చికిత్స ఫలమా, లేక కాలం గడిస్తే ఎలాగూ పుట్టేదా? 4,470 శస్త్రచికిత్సల అనుభవం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. చికిత్స పొందినవారిని, పొందనివారిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.

1998లో జర్మనీలో నీష్లాగ్ బృందం 125 మంది దంపతులను ఇట్లే పోల్చినది. ఒక గుంపునకు సిరను మూసివేసే చికిత్స. రెండవ గుంపునకు కేవలం సలహా. ఏడాదిలో మొదటి గుంపులో నూటికి 29 మందికి, రెండవ గుంపులో 25 మందికి గర్భం నిలిచినది. తేడా లెక్కకు రానంత స్వల్పం. 2003లో "లాన్సెట్" పత్రికలోనే ఎవర్స్, కాలిన్స్ అనేవారు ఏడు పరీక్షలను కలిపి చూచి, ఈ చికిత్సకు ప్రయోజనం కనిపించలేదని వ్రాసినారు.

విమర్శకులు ఆ ఏడు పరీక్షలను తెరచి చూచినారు. వాటిలో కొన్నింట చేతికి తగలనంత చిన్న వాపు ఉన్నవారూ, వీర్యం సరిగానే ఉన్నవారూ చేరి ఉన్నారు. లోపమే లేనివానికి చికిత్స చేస్తే మేలెట్లా కనిపిస్తుంది? హైదరాబాదు పరీక్షలలో జరిగినదే ఇక్కడా జరిగినది. లెక్క సరియైనదే, ప్రశ్న వేసిన చోటు సరియైనది కాదు.

2011లో సౌదీ అరేబియాలో జరిగిన పరీక్షలో, చేతికి తగిలే వాపు, తగ్గిన శుక్రకణాలు రెండూ ఉన్న 145 మందిని మాత్రమే తీసికొన్నారు. ఏడాదిలో సూక్ష్మదర్శిని చికిత్స పొందినవారిలో నూటికి 32.9 మంది భార్యలు గర్భం ధరించినారు. చికిత్స లేనివారిలో 13.9 మంది. తరువాత వచ్చిన సమీక్షలు కూడా ఇటువంటివారికి కొంత మేలు ఉండవచ్చునని చెబుతూనే, ఆధారాలు ఇంకా బలపడవలెనంటున్నవి.

కాబట్టి నేటి వైద్యుల మాట ఇది: వాపు చేతికి తగలవలెను, వీర్యపరీక్షలో లోపం కనిపించవలెను, దంపతులకు సంతానం కలగక ఉండవలెను, భార్య పరీక్షలో అడ్డంకి లేకపోవడమో, ఉన్నా సరిదిద్ద వీలుండడమో కావలెను. అప్పుడు శస్త్రచికిత్స ఆలోచించదగినది. విడువని నొప్పికి, ఎదిగే బాలునిలో ఆ వైపు వృషణం చిన్నబడుతున్నప్పుడు కూడా వైద్యులు దీనిని సూచిస్తారు. బాధగాని లోపంగాని లేని వాపును అట్లే ఉంచవచ్చును. శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పట్టుతుంది గనుక, చికిత్స ఫలితం తెలియడానికి మూడునుండి ఆరునెలలు ఆగవలెను. చికిత్స పొందినవారిలో కూడా ఏడాది తిరిగేసరికి చాలమందికి సంతానం కలగదన్నది పై లెక్కలే చెబుతున్నవి. ఆ నిజాన్ని రోగికి ముందే చెప్పడం వైద్యధర్మం.

ఊరిదాకా వచ్చిన విద్య

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఒకప్పుడు నిజామాబాదు జిల్లాలో తాలూకాలు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినది. ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజనుకు కేంద్రమైనది. 2023లో కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. ఎడ్లబండిమీద నాలుగైదు రోజులు పోయి వెదకవలసిన విద్య నేడు జిల్లాకేంద్రంలోనే బోధింపబడుతున్నది.

కాని దూరమన్నది కిలోమీటర్లలోనే ఉండదు. మొదట జరుగవలసిన పరీక్షలు రెండు: వైద్యుడు చేతితో చూడడం, వీర్యపరీక్ష. ఈ రెండూ తేలికైనవి, నొప్పిలేనివి, ఖర్చు తక్కువైనవి. భార్యకు చేసే అనేక పరీక్షలకంటె ఇవి ఎంతో సులభం. అయినను పురుషుడు వాటికి పోడు. సిగ్గు అడ్డం వస్తుంది. తన మగతనానికి మచ్చ అనుకొంటాడు. సిరలోని కవాటం చెడడానికీ మగతనానికీ సంబంధం లేదు. కాలిసిరలు ఉబ్బిన రైతును ఎవరూ తక్కువగా చూడరు గదా!

ఇక్కడ ఉపాధ్యాయుల పని ఉన్నది. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడు "ఇంటివద్ద చదువుకోండి" అని పుట తిప్పడం కొన్ని తరగతులలో జరుగుతూనే ఉన్నది. ఆ పుట తిప్పకుండా, రక్తప్రసరణ పాఠంలోని కవాటాలను, ఉష్ణం పాఠంలోని వేడి మార్పిడిని కలిపి ఈ విషయం చెప్పితే, అది జీవశాస్త్రం, భౌతికశాస్త్రం కలసిన చక్కని పాఠమవుతుంది. పదిహేనేండ్ల బాలుడు తన శరీరంలో వాపు కనిపిస్తే దాచుకోక తండ్రికో వైద్యునికో చెప్పవచ్చునని తెలిసికొంటాడు. అదే తరగతిలో కూర్చున్న బాలిక, సంతానం లేకపోవడానికి కారణం ఇద్దరిలో ఎవరిలోనైనా ఉండవచ్చునని తెలిసికొంటుంది. పదేండ్ల తరువాత వారి ఇండ్లలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు, ఆసుపత్రి మెట్లు ఇద్దరూ కలసి ఎక్కుతారు.